చిన్న ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ సెట్టింగులు, అనుమతులు ఎలా అమర్చుకోవాలి

విశాఖపట్నం పోర్టు ఏరియాలోనూ, దానికి ఆనుకుని ఉన్న పాతనగరంలోనూ కస్టమ్స్ బ్రోకర్లవి, షిప్పింగ్ ఏజెంట్లవి చిన్న చిన్న ఆఫీసులు ఉన్నాయి. అటువంటి ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే పని నాది. చాలా చోట్ల నాకు ఒకటే పద్ధతి కనిపిస్తుంది: నాలుగైదు కంప్యూటర్లు, వాటన్నిటికీ ఒకటే లాగిన్, ఆ లాగిన్‌కు పూర్తి అడ్మిన్ హక్కులు, దాని పాస్‌వర్డు మానిటరు అంచున అంటించిన చీటీ మీద. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ఫైలు ఎవరు తుడిచేశారో, తేదీ ఫార్మాటు ఎవరు మార్చారో, పనికిరాని ప్రోగ్రాము ఎవరు ఎక్కించారో ఎన్నటికీ తేలదు. ఎందుకంటే కంప్యూటరు దృష్టిలో అక్కడ పనిచేసే అందరూ ఒకే మనిషి.

దీన్ని చక్కదిద్దడానికి పెద్ద సర్వరు అవసరం లేదు. విండోస్ ప్రో ఉన్న అయిదు కంప్యూటర్లు, ఒక ఆదివారం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. మీ ఆఫీసులో ఇద్దరు దిగుమతుల పని, ఇద్దరు ఎగుమతుల పని, ఒకరు లెక్కలు చూస్తారనీ, ఒకరు పోర్టుకూ కస్టమ్స్ హౌస్‌కూ తిరుగుతారనీ, వీరికి తోడు యజమాని ఉన్నారనీ అనుకుని పద్ధతి చెబుతున్నాను. మీది ట్యూషన్ సెంటరో, మందుల హోల్‌సేల్ దుకాణమో అయినా పని ఇదే వరుసలో సాగుతుంది.

కంప్యూటరు ముట్టుకునే ముందు

ఏ సెట్టింగు మార్చబోయినా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది యంత్రానికి చెందినదా, మనిషికి చెందినదా, ఫోల్డరుకు చెందినదా? యంత్రానికి చెందినదైతే ఎవరు లాగిన్ అయినా వర్తిస్తుంది. మనిషికి చెందినదైతే ఆ ఖాతాతో లాగిన్ అయినప్పుడే కనిపిస్తుంది. ఫోల్డరుకు చెందినదైతే ఆ ఫోల్డరును ఎవరు తెరవబోయినా అక్కడ కాపలా ఉంటుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనూ ఈ విభజనే ఉంది. యంత్రపు సెట్టింగులు ‘లోకల్ మెషీన్’ కింద, ప్రస్తుత యూజరు సెట్టింగులు ‘కరెంట్ యూజర్’ కింద ఉంటాయి. నేను చూసిన గందరగోళాల్లో చాలా భాగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే.

నోటు పుస్తకంలో ఎడమ వైపు మనుషుల పేర్లు కాకుండా పనుల పేర్లు రాయండి: దిగుమతులు, ఎగుమతులు, లెక్కలు, నిర్వహణ. కుడి వైపు ఒక్కో పనికి ఏయే ఫోల్డర్లు చూడాలో, ఏవి మార్చాలో రాయండి. లెక్కలు చూసేవారు దిగుమతుల ఫైళ్లు చదవాలి గాని మార్చనక్కర్లేదు. బిల్లుల నమూనాలు ఉన్న ఫోల్డరును అందరూ చదవాలి, ఒక్కరే మార్చాలి. ఈ పేజీ యజమాని ఎదుటే రాయడం మంచిది, ఎందుకంటే ఎవరికి ఏది కనిపించాలన్నది కంప్యూటరు మనిషి నిర్ణయించే విషయం కాదు.

ఆ తరువాత ప్రతి కంప్యూటరులోనూ ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, అందులో ‘అబౌట్’ తెరిచి విండోస్ ఏ రకమో చూడండి. యంత్రానికీ, మనుషులకూ నియమాలు పెట్టే గ్రూప్ పాలసీ ఎడిటరు హోమ్ ఎడిషన్లో లేదు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాల్లో ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఇంకా దాని మీదే ఉన్న యంత్రాల సంగతి ముందు తేల్చుకోండి.

ఇంకొక విషయం కూడా ఇక్కడే తెలుసుకోవాలి. సర్వరు లేని ఇటువంటి ఏర్పాటును వర్క్‌గ్రూపు అంటారు. ఇందులో ప్రతి కంప్యూటరుకూ తన ఖాతాల పట్టిక తనదే, తన పాలసీలు తనవే. ఒక దాంట్లో మార్చింది మిగతా నాలుగింటికీ తనంతట తాను వెళ్లదు. అందుకని ఒక కంప్యూటరును ప్రధాన యంత్రంగా ఎంచుకుని ఆఫీసు ఫైళ్లన్నీ దాని మీదే ఉంచండి. ఇంటర్నెట్ కనెక్షన్‌కు దగ్గరగా, యూపీఎస్ మీద ఉండేది అయితే మేలు. ఫైళ్లు పంచుకోవడానికి మామూలు విండోస్‌కు ఒకేసారి 20 కనెక్షన్ల వరకే వీలుంది. చిన్న ఆఫీసుకు అది ధారాళంగా సరిపోతుంది.

తేదీ ఫార్మాటు మొదట, ఖాతాలు తరువాత

ఈ వరుస చాలామందికి విచిత్రంగా అనిపిస్తుంది గాని దీనికి కారణం ఉంది. తేదీ ఫార్మాటు, అంకెల తీరు, కీబోర్డు భాష మనిషికి చెందిన సెట్టింగులు. మీ ఖాతాలో మార్చినంత మాత్రాన పక్కవారికి మారవు. 04/05 అన్నది ఒక కంప్యూటరులో మే 4గా, ఇంకో దాంట్లో ఏప్రిల్ 5గా అర్థమైతే ఇన్వాయిస్ తేదీల్లో ఎంత అనర్థం జరుగుతుందో ఈ వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు.

అడ్మిన్ ఖాతాతో లాగిన్ అయి, కంట్రోల్ ప్యానెల్లో ‘రీజియన్’ తెరిచి, ఫార్మాటును ఇంగ్లిష్ ఇండియాగా పెట్టండి. కావాలంటే తెలుగు కీబోర్డునూ అప్పుడే చేర్చండి. తరువాత ‘అడ్మినిస్ట్రేటివ్’ అనే ట్యాబ్‌లో ‘కాపీ సెట్టింగ్స్’ నొక్కి, అడుగున కనిపించే రెండు గళ్లలోనూ టిక్కు పెట్టండి. మొదటిది లాగిన్ తెరకు, రెండోది కొత్తగా పుట్టబోయే ఖాతాలకు. ఇక మీదట మొదటిసారి లాగిన్ అయ్యే ప్రతి ఖాతా ఈ ఫార్మాటుతోనే మొదలవుతుంది. ఇప్పటికే వాడకంలో ఉన్న ఖాతాలకు మాత్రం ఇది వర్తించదు. వాటిలో ఒక్కొక్కటిగా లాగిన్ అయి మార్చుకోవలసిందే.

ఖాతాలు, గ్రూపులు

స్టార్ట్ గుర్తు మీద కుడి బటన్ నొక్కి ‘కంప్యూటర్ మేనేజ్‌మెంట్’ తెరవండి. అందులో ‘లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్’ ఉంటుంది. ప్రతి మనిషికీ తన కంప్యూటరులో ఒక మామూలు ఖాతా, ప్రధాన యంత్రంలో అదే పేరుతో, అదే పాస్‌వర్డుతో ఇంకొక ఖాతా సృష్టించండి. రెండు చోట్లా పేరు, పాస్‌వర్డు ఒకటే అయితే నెట్‌వర్కు ఫోల్డరు తెరిచినప్పుడు విండోస్ మళ్లీ అడగదు. పాస్‌వర్డు ఖాళీగా వదిలిన ఖాతాను నెట్‌వర్కు మీదుగా విండోస్ అనుమతించదు. ప్రధాన యంత్రంలో ఖాతా సృష్టించేటప్పుడు ‘తదుపరి లాగిన్‌లో పాస్‌వర్డు మార్చాలి’ అన్న అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేయండి. అది ఉంటే ఆ మనిషి తన సీట్లోంచి ఫోల్డరు తెరవలేరు. తరువాత ఎవరైనా పాస్‌వర్డు మార్చుకుంటే రెండు చోట్లా మార్చాలని ముందే చెప్పి ఉంచండి.

అడ్మిన్ ఖాతా వేరుగా ఒకటి ఉండాలి, దాన్ని రోజువారీ పనికి ఎవరూ వాడకూడదు. యజమాని కూడా వాడకూడదు. ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ‘నా ఆఫీసులో నాకే అధికారం లేదా’ అని పెద్దవారు నొచ్చుకోవచ్చు. అధికారం ఆయనదేననీ, ఆ పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంటుందనీ, రోజూ మెయిళ్లు తెరిచే ఖాతాకు యంత్రం మొత్తాన్ని మార్చే బలం ఉంటే ఒక్క చెడ్డ అటాచ్‌మెంటుకు కూడా ఆ బలమే వస్తుందనీ నిదానంగా వివరించండి. ఈ ఒక్క మార్పు జరగకపోతే కింద చెప్పేవన్నీ చాలావరకు వృథా.

అడ్మిన్ పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు వేసి, లాకరులో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తరువాత ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అటువంటి సమయంలో పాస్‌వర్డు ఒక్క మనిషి జ్ఞాపకంలోనే ఉంటే, ఆ మనిషి మర్రిపాలెంలో ఉన్నా మద్రాసులో ఉన్నా ఒకటే.

ఇప్పుడు ప్రధాన యంత్రంలో మీ నోటు పుస్తకంలోని పనుల పేర్లతోనే గ్రూపులు సృష్టించండి. వాటికి తోడు ‘సిబ్బంది’ అనే గ్రూపు ఒకటి పెట్టి అందులో అందరినీ చేర్చండి. మిగతా గ్రూపుల్లో ఎవరి పనిని బట్టి వారిని చేర్చండి. ఇక ముందు ఏ ఫోల్డరు మీదా మనిషి పేరు రాయకండి, గ్రూపు పేరే రాయండి. దిగుమతుల నుంచి ఎగుమతులకు ఒకరు మారితే, ఇరవై ఫోల్డర్ల అనుమతులు తిరగరాయడానికి బదులు ఒక గ్రూపులోంచి తీసి ఇంకో గ్రూపులో చేరిస్తే సరిపోతుంది. అయితే గ్రూపు మార్పు అమలులోకి రావాలంటే ఆ మనిషి ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

ఫోల్డర్ల అనుమతులు

డి డ్రైవులో ‘ఆఫీసు’ అనే ఫోల్డరు, దాని లోపల దిగుమతులు, ఎగుమతులు, లెక్కలు, నమూనాలు అనే ఫోల్డర్లు పెట్టండి. ‘ఆఫీసు’ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ వరకు వెళ్లండి. అక్కడ ‘డిజేబుల్ ఇన్హెరిటెన్స్’ నొక్కితే విండోస్ రెండు దారులు చూపిస్తుంది. పై నుంచి వచ్చిన అనుమతులను ఈ ఫోల్డరు సొంత అనుమతులుగా మార్చమనే మొదటి దారినే ఎంచుకోండి. అన్నిటినీ తీసేయమనే రెండో దారిలో మీరే బయట పడిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు జాబితాలో ‘ఆథెంటికేటెడ్ యూజర్స్’, ‘యూజర్స్’ అన్న వరుసలను తీసేయండి. లాగిన్ అయిన ఎవరైనా డి డ్రైవులో ఫైళ్లు మార్చగలగడానికి కారణం సాధారణంగా ఆ మొదటి వరుసే. ‘అడ్మినిస్ట్రేటర్స్’ను, ‘సిస్టమ్’ను మాత్రం ముట్టుకోకండి, బ్యాకప్ వంటి పనులు చాలావరకు ‘సిస్టమ్’ పేరుతోనే నడుస్తాయి.

తరువాత ‘సిబ్బంది’ గ్రూపుకు ‘రీడ్ అండ్ ఎగ్జిక్యూట్’ ఇచ్చి, అది ఎంతవరకు వర్తించాలో అడిగే చోట ‘దిస్ ఫోల్డర్ ఓన్లీ’ అని పెట్టండి. దీని వల్ల అందరూ గుమ్మం దాటి లోపలికి రాగలరు, కాని ఏ గది తలుపు తెరుచుకుంటుందో ఆ గదే నిర్ణయిస్తుంది. అప్పుడు ‘దిగుమతులు’ ఫోల్డరుకు వెళ్లి దిగుమతుల గ్రూపుకు ‘మాడిఫై’, లెక్కల గ్రూపుకు ‘రీడ్ అండ్ ఎగ్జిక్యూట్’ ఇవ్వండి. మిగతా వాటికీ మీ నోటు పుస్తకాన్ని బట్టి అలాగే చేయండి.

‘ఫుల్ కంట్రోల్’ ఎవరికీ ఇవ్వకండి. ఫైలు రాయడం, మార్చడం, తుడిచేయడం అన్నీ ‘మాడిఫై’లోనే వస్తాయి. ‘ఫుల్ కంట్రోల్’లో అదనంగా ఉండేవి ముఖ్యంగా అనుమతులనే మార్చే హక్కు, యాజమాన్యం తీసుకునే హక్కు. సిబ్బందిలో ఎవరి పనికీ ఆ రెండూ అక్కరలేదు.

‘డినై’ అనే గడి గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో రేట్ల పట్టిక ఉన్న ఫోల్డరును సిబ్బంది మార్చకుండా ఆపాలని, అడ్మిన్ హక్కులున్న యజమానికి అడ్డు రాదనే నమ్మకంతో, ‘యూజర్స్’ గ్రూపుకు రాత హక్కు ‘డినై’ చేసి ఇంటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోను: యజమానితో సహా ఎవరూ ఆ ఫోల్డరులో ఏదీ సేవ్ చేయలేకపోతున్నారు. కారణం వెతకగా తెలిసింది. కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ అయిన ప్రతి ఒక్కరూ, అడ్మిన్లతో సహా, ‘యూజర్స్’ గ్రూపులో సభ్యులే. పైగా ఒకే ఫోల్డరు మీద ‘అలౌ’, ‘డినై’ రెండూ ఉంటే ‘డినై’దే పైచేయి. ఫోల్డరుకు ‘ఓనర్’గా నమోదైన ఖాతాకు అనుమతులు మార్చే హక్కు ఎప్పుడూ మిగిలే ఉంటుంది కాబట్టి ఆ వరుస తీసేసి సరిచేయగలిగాను. ఆ రోజు నుంచి ‘డినై’ వాడటం మానేశాను. ఒకరికి అనుమతి లేకుండా చేయాలంటే ఇచ్చే జాబితాలో వారి గ్రూపును రాయకపోతే చాలు.

ఇంకో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. అడ్మిన్ ఖాతాతో ఇటువంటి ఫోల్డరు తెరిచినప్పుడు ‘మీకు ప్రస్తుతం అనుమతి లేదు, కంటిన్యూ నొక్కండి’ అనే భావంతో ఒక పెట్టె కనిపించవచ్చు. నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది గాని, ఆ ఖాతా పేరు అనుమతుల జాబితాలో శాశ్వతంగా చేరిపోతుంది. అలా చేరిన పేర్లను అప్పుడప్పుడు వెతికి తీసేయాలి. రెండోది, ఒకే డ్రైవులో ఫైలును కట్ చేసి వేరే ఫోల్డరులో పెడితే అది పాత అనుమతులనే వెంట తెచ్చుకోవచ్చు. కాపీ చేస్తే కొత్త ఫోల్డరు అనుమతులు తీసుకుంటుంది. ‘ఫోల్డరులో అన్నీ తెరుచుకుంటున్నాయి, ఈ ఒక్కటే రావడం లేదు’ అని ఎవరైనా అంటే ముందుగా ఇదే అనుమానించండి. అడ్వాన్స్‌డ్ పేజీలో అడుగున లోపలి ఫైళ్లన్నిటి అనుమతులనూ ఈ ఫోల్డరువాటితో మార్చమనే గడి ఉంటుంది, అది పరిష్కారం. లోపల ఏదైనా ఫోల్డరుకు ప్రత్యేకంగా ఇచ్చిన అనుమతులు ఉంటే అవీ చెరిగిపోతాయి కాబట్టి, ‘ఆఫీసు’ మీద కాకుండా ఇబ్బంది వచ్చిన ఫోల్డరు మీదే వాడండి.

చివరగా ‘ఆఫీసు’ ఫోల్డరును నెట్‌వర్కులో షేర్ చేయండి. షేరుకు వేరే అనుమతులు ఉంటాయి. నెట్‌వర్కు మీదుగా వచ్చేవారికి రెండింటిలో ఏది కఠినమో అది వర్తిస్తుంది. అదే ప్రధాన యంత్రం ముందు కూర్చున్నవారికి షేరు అనుమతులు అడ్డే రావు. అందుకని షేరు దగ్గర ‘సిబ్బంది’ గ్రూపుకు ‘చేంజ్’ ఇచ్చి వదిలేసి, అసలు కట్టుబాటు అంతా ఫోల్డరు అనుమతుల్లోనే ఉంచండి.

అందరికీ వర్తించే పాలసీలు

విండోస్ మీటతో పాటు ఆర్ మీట నొక్కి, జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ (gpedit.msc) అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే గ్రూప్ పాలసీ ఎడిటరు వస్తుంది. అందులో ‘కంప్యూటర్ కాన్ఫిగరేషన్’ యంత్రానికి, ‘యూజర్ కాన్ఫిగరేషన్’ మనుషులకు. ‘అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్’ కింద ఉండే పాలసీలకు మూడు స్థితులు ఉంటాయి. ‘నాట్ కాన్ఫిగర్డ్’ అంటే పాలసీ ఏమీ చెప్పడం లేదని. ‘ఎనేబుల్డ్’ అంటే అమలు చేయమని. ‘డిజేబుల్డ్’ అంటే మౌనం కాదు, దానికి విరుద్ధమైన ఆజ్ఞ. పేరులోనే ‘ప్రొహిబిట్’ అని ఉన్న పాలసీని ‘డిజేబుల్’ చేస్తే అనుమతించినట్టు అవుతుంది. పెట్టిన పాలసీని వెనక్కి తీసుకోవాలంటే ‘నాట్ కాన్ఫిగర్డ్’కే తేవాలి.

చిన్న ఆఫీసుకు నేను పెట్టేవి నాలుగే. మొదటిది, వదిలేసిన కంప్యూటరు తనంతట తాను లాక్ కావడం: సెక్యూరిటీ ఆప్షన్స్‌లో ‘మెషీన్ ఇనాక్టివిటీ లిమిట్’ దగ్గర 600 అని, అంటే 10 నిమిషాలకు సరిపడా సెకండ్లు, ఇవ్వండి. రెండోది, పాస్‌వర్డు 10 సార్లు తప్పితే 10 నిమిషాలు ఖాతా మూతపడటం. ఇది అకౌంట్ పాలసీల్లో ఉంటుంది.

మూడోది పెన్ డ్రైవులది. సిస్టమ్ కింద ‘రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్’లో ‘రిమూవబుల్ డిస్క్స్: డినై రైట్ యాక్సెస్’ ఎనేబుల్ చేస్తే పెన్ డ్రైవులోకి ఫైళ్లు కాపీ చేయడం ఆగుతుంది, చదవడం ఆగదు. అక్కడే ఉన్న ‘ఆల్ రిమూవబుల్ స్టోరేజ్ క్లాసెస్: డినై ఆల్ యాక్సెస్’ మాత్రం పెట్టకండి. కస్టమ్స్ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో డాక్యుమెంట్లు దాఖలు చేయడానికి వాడే డిజిటల్ సంతకం టోకెన్లలో కొన్ని, గుచ్చగానే తమ డ్రైవరు ఉన్న సీడీలా కనిపిస్తాయి. అన్నిటినీ మూసేస్తే ఆ సీడీ తెరుచుకోదు, డ్రైవరు ఎక్కదు. వెసెల్ బెర్తుకు వచ్చే రోజున అది తెలిసిరావడం ఎవరికీ మంచిది కాదు.

నాలుగోది సిబ్బందికి కంట్రోల్ ప్యానెల్ మూయడం. ఇది యూజరు పాలసీ. దీన్ని నేరుగా ఎడిటరులో పెడితే అడ్మిన్‌కు కూడా వర్తించి మీకే తలుపు మూసుకుంటుంది. కాబట్టి విండోస్, ఆర్ మీటలు నొక్కితే వచ్చే పెట్టెలో ఎంఎంసీ (mmc) అని టైపు చేసి, ‘ఫైల్’లో ‘యాడ్ ఆర్ రిమూవ్ స్నాప్-ఇన్’ నొక్కి, ‘గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ ఎడిటర్’ ఎంచుకుని, ‘బ్రౌజ్’లో ‘యూజర్స్’ ట్యాబ్ కింద ‘నాన్-అడ్మినిస్ట్రేటర్స్’ను ఎంచుకోండి. అక్కడ పెట్టిన పాలసీ మామూలు ఖాతాలకే వర్తిస్తుంది.

అయిదు కంప్యూటర్లకూ ఇదే పని చేతితో చేయడం విసుగే గాని చేయదగినదే. పది దాటితే స్థానిక పాలసీలను ఒక యంత్రం నుంచి ఇంకో దానికి ఎక్కించే ఎల్‌జీపీఓ అనే ఉచిత సాధనాన్ని మైక్రోసాఫ్ట్ ఇస్తుంది. ఇంకా పెద్దదైతే డొమైన్, అంటే అన్ని కంప్యూటర్ల ఖాతాలనూ పాలసీలనూ ఒక సర్వరు నుంచే నడిపే ఏర్పాటు, పెట్టుకోవడమే దారి.

ప్రతి ఒక్కరి డెస్క్‌టాప్ మీదా కనిపించవలసిన షార్ట్‌కట్ ఉంటే దాన్ని ఆ కంప్యూటరు సి డ్రైవులోని ‘యూజర్స్’ ఫోల్డరులో ‘పబ్లిక్’, అందులో ‘డెస్క్‌టాప్’ ఫోల్డరులో ఒక్కసారి పెట్టండి. ఆ ఫోల్డరు దాచి ఉంటుంది కాబట్టి వ్యూలో ‘హిడెన్ ఐటమ్స్’ కనబడేలా చేసుకోవాలి.

లెక్కల సాఫ్ట్‌వేరు విషయం కొంచెం వేరు. టాలీ వంటి వాటిలో ఎంట్రీ చేసే ప్రతి వారికీ డేటా ఫోల్డరు మీద ‘మాడిఫై’ సాధారణంగా ఉండాల్సిందే, లేకపోతే సాఫ్ట్‌వేరే నడవదు. కాబట్టి ఎవరు వోచరు దిద్దగలరు, ఎవరు చూడటమే చేయగలరు అన్నది ఆ సాఫ్ట్‌వేరు సొంత యూజర్లు, రోల్స్ ద్వారానే తేల్చాలి. మీది కంపెనీ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పునూ నమోదు చేసే ఆడిట్ ట్రెయిల్ ఉండాలనీ, దాన్ని ఆపివేయడానికి వీల్లేదనీ నిబంధన ఉంది. అందరూ ఒకే పేరుతో లాగిన్ అయ్యే చోట ఆ నమోదులో ప్రతి మార్పూ ఒకరి పేరు మీదే పడుతుంది.

పరీక్ష, ఆ తరువాతి సంరక్షణ

అడ్మిన్ ఖాతాలో అన్నీ పనిచేస్తున్నాయంటే ఏమీ రుజువు కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో, పాలసీలను వెంటనే అమలు చేసే జీపీఅప్‌డేట్ స్లాష్ ఫోర్స్ (gpupdate /force) నడిపి, లాగౌట్ అయి, సిబ్బందిలో ఒక్కొక్కరినీ పిలిచి వారి పాస్‌వర్డు వారినే కొట్టమని, వారి పని వారినే చేసి చూపించమనండి. తెరవవలసిన ఫైలు తెరుచుకుందా, తెరవకూడనిది నిజంగా తెరుచుకోలేదా అని రెండూ చూడాలి. మనుషులు అందుబాటులో లేకపోతే, అడ్వాన్స్‌డ్ పేజీలోని ‘ఎఫెక్టివ్ యాక్సెస్’ ట్యాబ్‌లో ఖాతా పేరు ఇస్తే ఆ ఫోల్డరు మీద వారికి చివరికి మిగిలే హక్కులేమిటో చూపిస్తుంది.

ఏ రోజు ఏ సెట్టింగు మార్చారో, మునుపు ఏముందో, ఎవరు అడిగితే మార్చారో ఆ నోటు పుస్తకంలోనే తేదీతో రాయండి. ఈ మొదటి ఏర్పాటు అయ్యాక, ఒక రోజు ఒకే మార్పు చేయండి. రెండు కలిపి చేస్తే ఏది బెడిసికొట్టిందో పట్టుకోలేరు.

ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు వారి ఖాతాను తుడిచేయకండి, ఆ సాయంత్రమే రెండు యంత్రాల్లోనూ ‘డిజేబుల్’ చేయండి. విండోస్ మనిషిని గుర్తుపట్టేది పేరుతో కాదు, ఖాతా పుట్టినప్పుడు ఇచ్చిన ఒక పొడవాటి సంఖ్యతో. తుడిచేసి మళ్లీ అదే పేరుతో సృష్టించినా అది వేరే ఖాతాయే. పాత అనుమతులు దానికి రావు, వాటి స్థానంలో ఎస్-1-5 అని మొదలయ్యే అర్థం కాని వరుసలు మిగులుతాయి. డిజేబుల్ చేసిన మర్నాడు ఆయన సొంత ఫైళ్లలో ఆఫీసువి ఏమున్నాయో చూసి ‘ఆఫీసు’ ఫోల్డరులోకి కాపీ చేసుకోండి, ఆయనను గ్రూపుల్లోంచి తీసేయండి, అడ్మిన్ పాస్‌వర్డు ఆయనకు తెలిసే అవకాశం ఉంటే దాన్ని మార్చి లాకరులోని కవరులో కొత్త కాగితం పెట్టండి.